రక్తంలో కొవ్వు తగ్గింది, లివర్ వాచింది: ఒక రొయ్యల రైతు కేసు

2023 సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో ఒక మందుల చీటీ అడుగున "నూనె, గుడ్డు, మాంసం, చేప తగ్గించండి" అని రాసిచ్చాను. ఏడు నెలలు తిరిగేసరికి ఆ మనిషి లివర్ నేను మొదటిసారి చూసిన రోజు కంటే దెబ్బతిని ఉంది. అందులో నా చీటీ వాటా ఎంతో చెప్పుకోవడానికే ఈ కేసు రాస్తున్నాను. రోగి అనుమతి ఉంది. ఊరు, కుటుంబం వివరాలు గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 44. కోనసీమలో సముద్రానికి దగ్గరగా రొయ్యల చెరువులు చేసుకునే రైతు. అన్నగారికి గుండెలో స్టెంట్ వేశాక ఇంట్లో అందరూ పరీక్షలు చేయించుకుంటే ఈయన స్కాన్‌లో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 2" అని వచ్చింది. బాధంటూ ఏమీ లేదు. కుడి డొక్కలో అప్పుడప్పుడు బరువుగా ఉంటుందన్నారు, అంతే.

చూడటానికి లావు మనిషి కాదు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, బీఎంఐ 25.2. లుంగీ మీద చొక్కా వదులుగా వేసుకుంటే పొట్ట ఉందని కూడా తెలియదు. టేపు పెడితే నడుము 98 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశపు మగవాళ్ళకి 90 దాటితేనే జాగ్రత్త పడాలి. చేతులు, కాళ్ళు సన్నం, ఉన్న కొవ్వంతా పొట్టలోనే. ఇలాంటి ఒళ్ళు నా క్లినిక్‌లో రోజూ చూస్తాను. బీఎంఐ మాత్రమే చూసి పంపేస్తే వీళ్ళలో చాలామంది తప్పించుకుపోతారు.

రక్తంలో తిరిగే కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్లు 312, మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 34, చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 118. పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2, అంటే షుగర్ జబ్బు గుమ్మం దాకా వచ్చి నిలబడింది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ 58, ఎస్‌జీఓటీ 41, ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు. హెపటైటిస్ బీ, సీ లేవు. థైరాయిడ్ మామూలుగానే ఉంది.

మందు తాగే సంగతి అడగడంలో మొహమాటం పనికిరాదు. "ఆదివారం ఒక క్వార్టరండి, రొయ్యల పట్టుబడి రోజున ఇంకోటి. అంతేనండి" అన్నారు. భార్య పక్కనే ఉండి కాదనలేదు కాబట్టి నమ్మాను. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. మగవాళ్ళలో అది వారానికి 210 గ్రాముల లోపు ఉండి, పొట్టో షుగరో ట్రైగ్లిజరైడ్లో తోడైతే ఆ ఫ్యాటీ లివర్‌ని 2023 జూన్ నుంచి ఎంఏఎస్‌ఎల్‌డీ అంటున్నారు. అంతకుముందు ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ. పాత పేరు "మందు వల్ల వచ్చింది కాదు" అని మాత్రమే చెప్పేది. కొత్త పేరులో అసలు కారణం ఉంది: మెటబాలిజం గాడి తప్పడం.

వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లతో లెక్కగట్టే ఫిబ్-4 స్కోరు 1.13 వచ్చింది. 1.3 లోపు ఉంటే లివర్‌లో మచ్చ కట్టడం, అంటే ఫైబ్రోసిస్, బాగా ముదిరి ఉండే అవకాశం తక్కువ. అక్కడితో నా టెన్షన్ తీరిపోయింది. రోజూ నడవమని చెప్పి, పైన చెప్పిన వాక్యం రాసి, మూడు నెలల తర్వాత రమ్మన్నాను. రోజంతా ఏం తింటారో, ముఖ్యంగా రాత్రిపూట ఏం తాగుతారో అడగలేదు. వరసలో ఇంకా ఇరవై మంది ఉన్నారు.

మే నెల

ఈ రోగిని తప్పు పట్టడానికేమీ లేదు. నూనె దాదాపు మానేశారు. గుడ్డు, కోడి, చేప మూడూ బంద్. గోదావరి మనిషి చేప మానేశారంటే డాక్టరు మాటకి ఎంత విలువిచ్చినట్టో ఆలోచించండి. అయినా బరువు 73కి, ట్రైగ్లిజరైడ్లు 486కి, ఎస్‌జీపీటీ 66కి పెరిగాయి.

అప్పుడు కూర్చోబెట్టి అడిగాను. కూర తగ్గిన చోట అన్నం పెరిగింది. పప్పుచారు, పెరుగుతో మూడు పూటలా అన్నం. ఆకలేస్తే చక్కెరకేళి అరటిపళ్ళు, "పళ్ళు మంచివే కదండీ" అని. అసలు కథంతా రాత్రి చెరువు దగ్గర. కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే తెల్లవారేలోగా నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, సరుకంతా తేలిపోతుంది. అందుకని నిద్ర ఉండదు. గట్టు మీద ఒక్కో రౌండు తిరిగి వచ్చి ఒక్కో టీ, మొత్తం ఏడు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార, అంటే 70 గ్రాములు. ఒంటిగంట వేళ ఒక కూల్‌డ్రింక్, అందులో ఇంకో 25 గ్రాములు. రోజుకి వంద గ్రాములకి కాస్త తక్కువ పంచదార, నూనె చుక్క లేని శరీరంలోకి వెళ్తోంది.

డెల్టాలో పుట్టినవాళ్ళకి లివర్ కొవ్వు లెక్క చెప్పడం తేలిక. చేలోకి నీళ్ళు తెచ్చేది పంట బోదె, బయటికి తీసేది మురుగు బోదె. సార్వా మునిగిన ఏడాది వాన ఎంత పడిందన్నది సగం లెక్కే. డ్రెయిన్‌లో గుర్రపుడెక్క పేరుకుపోయిందా, నీళ్ళు లాగుతోందా లేదా అన్నది మిగతా సగం. లివర్‌కి కొవ్వు తెచ్చే బోదెలు మూడు, తీసేవి రెండు.

తెచ్చేవాటిలో మొదటిది ఒంట్లోని కొవ్వు కణాల నుంచి రక్తంలోకి జారే ఫ్యాటీ ఆమ్లాలు. రెండోది, పంచదార, పిండి పదార్థాలతో లివర్ సొంతంగా తయారుచేసుకునే కొత్త కొవ్వు. మూడోది మనం తిన్న కొవ్వు. ఏ దారిలో ఎంత వస్తోందని 2005లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న రోగుల మీద ఐసోటోపులతో కొలిచి చూశారు. లివర్‌లో చేరిన ట్రైగ్లిజరైడ్‌లో దాదాపు 59 శాతం కొవ్వు కణాల నుంచి, 26 శాతం లివర్ స్వయంగా వండుకున్నది, 15 శాతం మాత్రమే తిండిలోని కొవ్వు. అది చిన్న అధ్యయనమే. కానీ ఈ వరస తర్వాతి పనుల్లోనూ నిలబడింది. నేను జనవరిలో మూసింది ఆ 15 శాతం బోదెని. దాని బదులు ఆయన పెంచింది 26 శాతం బోదెని.

పంచదారలో సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్ లివర్‌లో విరిగేటప్పుడు ఒక కాపలా ఎంజైమ్ దగ్గర ఆగి వెళ్ళాలి. ఫ్రక్టోజ్ ఆ కాపలాని పక్కదారిలో దాటేసి నేరుగా కొవ్వు తయారీకి సరుకవుతుంది. దాంతోపాటు కొవ్వు తయారుచేసే జన్యువులని నిద్రలేపే సీహెచ్‌ఆర్‌ఈబీపీ అనే స్విచ్‌ని కూడా వేస్తుంది. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న ఒంట్లో ఎస్‌ఆర్‌ఈబీపీ-1సీ అనే రెండో స్విచ్ ఎలాగూ వేసే ఉంటుంది.

కొవ్వు తీసే మొదటి దారి దాన్ని కాల్చేయడం. ఇక్కడ లివర్ చేసే ఒక పని నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. కొత్త కొవ్వు తయారయ్యే దారిలో మధ్యలో మాలోనైల్ కోఎంజైమ్-ఏ అనే పదార్థం పుడుతుంది. అది వెళ్ళి, ఫ్యాటీ ఆమ్లాలని కాల్చడానికి మైటోకాండ్రియాలోకి పంపే తలుపు మూసేస్తుంది. ఒక చేత్తో పంట బోదె తూము ఎత్తి, రెండో చేత్తో మురుగు బోదె షట్టర్ దించినట్టు. మామూలు మనిషిలో ఇది తెలివైన ఏర్పాటే, తయారుచేస్తున్నదాన్ని అప్పుడే కాల్చుకోకుండా. రాత్రంతా గంటకో టీ పడితే ఆ షట్టర్ ఇక లేవదు.

కొవ్వు బయటికి పోయే రెండో దారి వీఎల్‌డీఎల్. లివర్ తన కొవ్వుని ప్రొటీన్‌తో చుట్టి రక్తంలోకి పంపే మూటలు అవి. రక్తపరీక్షలో కనిపించిన 486లో ఎక్కువ భాగం ఈ మూటల్లోదే. అంటే మేలో ఆయన లివర్ మునుగుతూనే, తోడి బయట పోస్తోంది కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, ఆగస్టులో పనికొస్తుంది.

పంచదార, కూల్‌డ్రింక్ మానమన్నాను, గుడ్డు, చేప మళ్ళీ మొదలుపెట్టమన్నాను. కానీ ఒకసారి మానిపించిన దాన్ని మళ్ళీ తినమంటే రోగి డాక్టరుని అనుమానంగా చూస్తారు. ఈయనా అలాగే చూశారు.

ఆగస్టు

గోదావరికి వరదొచ్చి లంకల వైపు కాజ్‌వేలు మునిగాయి. ఆయన వారం ఆలస్యంగా వచ్చారు. మనిషి సగమయ్యారు. 73 కిలోల నుంచి 63కి, ఆరు వారాల్లో. బంధువులెవరో చెప్పారని "లివర్ శుద్ధి" మొదలుపెట్టారట: పొద్దున నిమ్మరసం, మధ్యాహ్నం మజ్జిగ, కీరా ముక్కలు, రాత్రి ఒక పుల్కా. గుడ్డు, చేప, పప్పు ఏవీ లేవు. మొహంలో మాత్రం గెలిచిన కళ ఉంది. ట్రైగ్లిజరైడ్లు 168. ఊళ్ళో వైద్యం చేసే ఆయన అప్పటికే శభాష్ అన్నారట.

అదే రిపోర్టు కింది వరసలో ఎస్‌జీపీటీ 142, ఎస్‌జీఓటీ 118. ప్లేట్‌లెట్లు లక్షా 90 వేలు.

వరద రోజులు కాబట్టి ముందు హెపటైటిస్ ఏ, ఈ పరీక్షలు చేయించాను, లేవు. కషాయాల గురించి విడిగా అడిగాను. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి కోవిడ్ రోజుల్లో మన దేశంలోనే వైద్యులు రాశారు. ఈయన అలాంటివేవీ తాగలేదు. పిత్తాశయంలో రాళ్ళు లేవు. వేగంగా బరువు తగ్గితే అవి కూడా వస్తాయి. బిలిరుబిన్ మామూలే. రాజమహేంద్రవరం పంపి, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తే కొవ్వు సూచిక క్యాప్ 318, గట్టిదనం 10.4 కిలోపాస్కల్స్ వచ్చాయి. 8 లోపు ఉంటే నిశ్చింత. 12 దాటితే ముదిరిన ఫైబ్రోసిస్ అని గట్టిగా అనుమానిస్తాం. అయితే ఎంజైములు ఇంత పెరిగి లివర్ వాచి ఉన్నప్పుడు గట్టిదనం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ఫిబ్-4 కూడా అప్పుడు 2.29 చూపించింది, దానికీ అదే కారణం. అందుకే ఆ రోజు ఫైబ్రోసిస్ అన్న మాట వాడలేదు. వాపు తగ్గాక మళ్ళీ చూద్దామన్నాను.

ఏం జరిగిందన్నది నా అంచనా ఇది. ఒక్కసారిగా తిండి ఆపేసరికి ఇన్సులిన్ పడిపోయింది. కొవ్వు కణాల గేట్లు తెరుచుకున్నాయి, ఆ 59 శాతం బోదె వరద కాలువయింది. ఆ ఫ్యాటీ ఆమ్లాలు వచ్చి లివర్ మీద పడ్డాయి. అదే సమయంలో బయటికి పంపే దారి పూడింది. వీఎల్‌డీఎల్ మూట కట్టాలంటే అపోలిపోప్రొటీన్ బీ కావాలి, మూట పైపొరకి కోలిన్‌తో తయారయ్యే ఫాస్ఫోలిపిడ్ కావాలి. మన తిండిలో కోలిన్ దండిగా ఉండేది గుడ్డు పచ్చసొనలో. చేపల్లో, మాంసంలో కూడా ఉంటుంది. జనవరిలో నా చీటీ ఏవి మానమందో మళ్ళీ చెప్పక్కర్లేదు. ప్రొటీన్ కరువైతే లివర్‌లో కొవ్వు చేరడం కొత్త సంగతేం కాదు. ఒళ్ళు ఉబ్బి, లివర్ పెరిగిన క్వాషియోర్కర్ పిల్లల్ని పాతతరం డాక్టర్లు వార్డుల నిండా చూశారు. ఆ పిల్లల లివర్ నిండా కొవ్వే.

మరి ట్రైగ్లిజరైడ్లు 168కి ఎలా దిగాయి? పంచదార మానడం వల్ల కొంత దిగి ఉంటాయి, అది మంచిదే. లివర్ మూటలు బయటికి పంపలేకపోవడం వల్ల కూడా కొంత దిగి ఉంటాయి. ఏది ఎంతన్నది రక్తం రిపోర్టు చెప్పదు. డ్రెయిన్‌లో నీళ్ళు లేవని సంతోషిస్తే ఎలా, అవి చేలోనే నిలబడి ఉండొచ్చు. బయాప్సీ చేయలేదు కాబట్టి దీన్ని నిరూపించానని అనను. కానీ అదే నెలలో క్యాప్ 318 ఉండటం, తర్వాత తిండి పెంచాక ఎంజైములు దిగడం ఈ అంచనాకే సరిపోతున్నాయి.

రొయ్యకి మంచిదైంది నాకెందుకు చెడ్డది?

ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న నన్ను కాసేపు ఆపేసింది. "రొయ్యని ల్యాబ్‌కి పట్టుకెళ్తే హెపాటో నలిపి మైక్రోస్కోప్ కింద పెడతారండి. కొవ్వు బొట్లు బాగా కనపడితే సరుకు బాగున్నట్టు, లేకపోతే ఏదో తగులుకున్నట్టు. నాకు కొవ్వుందంటే మాత్రం మీరు జబ్బంటున్నారు. ఇదేం లెక్కండి?"

ఆయన చెప్పింది నిజం. రొయ్యకి లివర్ పని చేసే హెపాటోపాంక్రియాస్‌లో (ఆయన అన్న హెపాటో ఇదే) కొవ్వు బొట్టు అది దాచుకున్న సొమ్ము. గుల్ల విడిచేటప్పుడు మేత తినదు, అప్పుడు ఖర్చుపెట్టుకుంటుంది. చేర్చడం, ఖర్చుపెట్టడం రెండూ నడుస్తుంటాయి. మనిషి లివర్‌లో కూడా ట్రైగ్లిజరైడ్ బొట్టు అంతగా హాని చేసేది కాదు. ఒకరకంగా అది రక్షణ. కోలిన్ లాంటివి లేని మేత పెట్టిన ఊబకాయపు ఎలుకలలో ఆ బొట్టు కట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటే లివర్‌లో కొవ్వు తగ్గింది, దెబ్బ, మచ్చ మాత్రం పెరిగాయి. 2007లో వచ్చిన ఈ ఫలితం చదివాక స్కాన్‌లో గ్రేడ్ చూసి రోగిని భయపెట్టడం మానేశాను. గ్రేడ్ 1 తో ఇంటికెళ్ళి నిద్రపోనివాళ్ళున్నారు, గ్రేడ్ గురించి అంత భయం అక్కర్లేదు.

చెడ్డది బొట్టులో పట్టక బయట మిగిలిపోయే కొవ్వు. ముఖ్యంగా పామిటిక్ లాంటి సంతృప్త ఫ్యాటీ ఆమ్లాలు, వాటి నుంచి పుట్టే సెరమైడ్లు, డైఎసైల్‌గ్లిసరాల్, పోగుపడిన కొలెస్ట్రాల్. ఇవి కణం లోపల ప్రొటీన్లు మడతపెట్టే కార్ఖానాని ఒత్తిడిలోకి నెడతాయి, ఇన్సులిన్ మాట వినకుండా చేస్తాయి, మైటోకాండ్రియాని పాడుచేస్తాయి. కణం చస్తుంది. చచ్చిన కణాన్ని ఎత్తిపోయడానికి వచ్చిన తెల్లకణాలు వాపు పుట్టిస్తాయి. అప్పటిదాకా విటమిన్ ఏ దాచుకుని నిశ్శబ్దంగా ఉండే స్టెలేట్ కణాలు లేచి కొల్లాజన్ అల్లడం మొదలుపెడతాయి. అదే మచ్చ. రోగి ఎన్నాళ్ళు బతుకుతారన్నది కొవ్వు కంటే ఈ మచ్చ ఏ దశలో ఉందన్న దాన్ని బట్టే ఎక్కువ తెలుస్తుంది. లివర్ తానే తయారుచేసుకునే కొత్త కొవ్వులో ఎక్కువ భాగం పామిటిక్ ఆమ్లమే. అందుకే తీపి టీ నూనెలో వేయించిన వేపుడు కంటే నాకు ఎక్కువ గుబులు.

ఇదంతా ఆయనకి ఇలా చెప్పలేదు. "మీ గోదాము నిండింది, సరుకు వాకిట్లో పడి కుళ్ళుతోంది" అన్నాను. "అయితే గోదాము తప్పు కాదన్నమాట" అన్నారు. పట్టుబడి ఆలస్యమైతే రొయ్య ఏమవుతుందో తెలిసిన మనిషి.

తర్వాత నడిచింది

ముందు 63 నుంచి రెండు కిలోలు కావాలనే పెంచాను. రోజుకి రెండు గుడ్లు, పచ్చసొనతో సహా. వారానికి నాలుగు రోజులు చేప, కానాగంతలైనా ఏవైనా సరే, వేపుడు కాకుండా పులుసు. పెరుగు, పప్పు. అన్నం మానమనలేదు, మానరు కూడా. మధ్యాహ్నం మామూలుగా, రాత్రి అందులో సగం. టీలో పంచదార పూర్తిగా బంద్. "నెల్లాళ్ళు కషాయం తాగినట్టుందండి, ఇప్పుడు పంచదార వేస్తే డోకొస్తోంది" అన్నారు తర్వాత. పామాయిల్ బదులు వేరుశనగ నూనె. కొబ్బరి నూనె డైట్ గురించి కూడా అడిగారు. కోనసీమవాళ్ళు తరతరాలుగా దాన్ని తలకే రాసుకున్నారు, అక్కడే ఉంచమన్నాను. కూరలో కొబ్బరి కోరు సంగతి వేరు.

భార్య మెల్లగా పులస సంగతి అడిగారు, వరద సీజన్ కదా. పుస్తెలమ్మి తినేది ఏడాదికి ఎన్నిసార్లు తింటారు? తినమన్నాను.

బరువు వారానికి కిలోకి మించి ఎప్పుడూ తగ్గకూడదని గోడ క్యాలెండర్ మీద రాయించాను. మొదటి బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది, మచ్చ వెనక్కి రావాలంటే సాధారణంగా 10 శాతం కావాలి. ఈయనకి 71 నుంచి 65-66 చాలనుకున్నాం. రోజూ నలభై నిమిషాలు చెరువు గట్టు మీద వేగంగా నడక. బరువు తగ్గకపోయినా నడక ఒక్కటే లివర్ కొవ్వుని కొంత తగ్గిస్తుంది. రాత్రి కాపలాకి తమ్ముడితో వంతులు వేసుకున్నారు. నా దృష్టిలో మందులన్నిటి కంటే ఇదే పెద్ద మార్పు.

మందుల్లో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మొదలుపెట్టాను. లివర్ చెడిపోతుందని దీన్ని ఆపేసేవాళ్ళున్నారు, ఫ్యాటీ లివర్‌లో ఇది వాడొచ్చు. అన్నకి స్టెంట్ పడిన మనిషికి, ఫ్యాటీ లివర్ రోగుల మరణాలకి మొదటి కారణం గుండె జబ్బేనని తెలిసీ ఆపడం సరికాదు. గ్యాస్ట్రో డాక్టరుతో మాట్లాడి సారోగ్లిటజార్ 4 మిల్లీగ్రాములు చేర్చాం. కొవ్వు కాల్చే జన్యువులనీ, ఇన్సులిన్ మాట వినిపించే జన్యువులనీ రెండింటినీ కదిపే మందు ఇది. మన దేశంలో ఈ జబ్బుకి 2020లో అనుమతి వచ్చింది. అప్పటిదాకా వాడుతున్న రెండు లివర్ టానిక్కులు తీసేశాను.

నవంబరులో ఎస్‌జీపీటీ 61, గట్టిదనం 8.1. అంటే ఆగస్టు నాటి 10.4లో కొంత వాపే. మిగతాది ఏమిటన్న అనుమానం అలాగే ఉండిపోయింది. 2024 అక్టోబరుకి బరువు 66, నడుము 89. ట్రైగ్లిజరైడ్లు 148, హెచ్‌డీఎల్ 40, ఎల్‌డీఎల్ 71, హెచ్‌బీఏ1సీ 5.7. ఎస్‌జీపీటీ 31, ఎస్‌జీఓటీ 27. క్యాప్ 262, గట్టిదనం 6.4. క్వార్టర్ మాత్రం పట్టుబడి రోజుకి మిగిలింది. పూర్తిగా మానమని ఇప్పటికీ అంటూనే ఉన్నాను.

ఆ రోజు కాపలా వంతుల తమ్ముడిని కూడా వెంట తీసుకొచ్చారు. 41 ఏళ్ళు, బీఎంఐ 21, నడుము 82. తీపి తినరు, మందు తాగరు. స్కాన్‌లో గ్రేడ్ 2, క్యాప్ 305, గట్టిదనం 8.9. ట్రైగ్లిజరైడ్లు 104, ఎల్‌డీఎల్ 78. రక్తంలో అంతా బాగుంది, లివర్‌లో బాగా లేదు. ఇలాంటిచోట పుట్టుకతో వచ్చిన జన్యువుల మార్పు అనుమానిస్తాం. 2008లో బయటపడిన పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో మార్పు బొట్టులోని కొవ్వుని విడవనీయదు. టీఎమ్6ఎస్ఎఫ్2 అనే ఇంకో జన్యువులో మార్పు ఉన్నవాళ్ళలో లివర్ మూటలు సరిగా బయటికి పంపలేదు, అందువల్ల రక్తంలో కొవ్వు తక్కువగానే కనిపిస్తుంది. ఈయనలో ఏది ఉందో పరీక్ష చేయించలేదు, చేయించినా ఈరోజుకి చికిత్స మారదు. గుడ్డు, చేప ఏమైనా మానేశారా అని ఈసారి ముందే అడిగాను. అన్నగారికి నేను రాసిచ్చిన చీటీ చూసి, పోయినేడు ఈయన కూడా మానేశారట.

మొదలుపెట్టించాను. దాళ్వా కోతలయ్యాక మళ్ళీ ఫైబ్రోస్కాన్.